ఇంటి కరెంటుకు ఆడిట్.. కోర్సు ఉంది, సర్టిఫికెట్ ఉంది.. బి.కొత్తకోటలో పని ఎవరిస్తారు?

బి.కొత్తకోట: కరెంటు బిల్లు చేతికి రాగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే.. ఈసారి ఇంతెందుకొచ్చింది? మీటర్ రీడర్‌ను అడిగితే రీడింగ్ చూపిస్తాడు. లైన్‌మెన్‌ను అడిగితే మీటర్ బాగానే ఉందంటాడు. షాపులో అడిగితే కొత్త ఫ్యాన్ కొనమంటారు. సోలార్ కంపెనీ వాళ్లను అడిగితే పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టించమంటారు. ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతోంది, దేన్ని మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు అని లెక్కేసి చెప్పే మనిషి మాత్రం దొరకడు.

ఆ మనిషికో పేరుంది.. హోమ్ ఎనర్జీ ఆడిటర్. తెలుగులో చెప్పుకోవాలంటే ఇంటి కరెంటు లెక్కల పరిశీలకుడు. ఈ పని నేర్పే సర్టిఫికెట్ కోర్సును కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే బీఈఈ, 2021 డిసెంబరులో ఇంధన పొదుపు వారోత్సవాల సందర్భంగా మొదలుపెట్టింది. ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకుని, రాష్ట్రాల్లోని ఇంధన పొదుపు సంస్థల ద్వారా నడిపించాలన్నది ఆలోచన.

వినడానికి బాగుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఐటీఐ ఎలక్ట్రికల్, డిప్లొమా చేసి పని కోసం బెంగళూరు బస్సెక్కే కుర్రాళ్లకు ఊళ్లోనే ఉపాధి అన్నమాట. మరి నిజంగా అంత పని ఉందా? బి.కొత్తకోట లాంటి ఊళ్లో ఒక ఆడిటర్ బతకగలడా? ఫీజు ఎవరిస్తారు? లెక్కలేసి చూస్తే సంగతి తెలుస్తుంది.

అసలు ఆడిటర్ ఇంటికొచ్చి ఏం చేస్తాడు?

ఆడిట్ అంటే బల్బులు లెక్కపెట్టి వెళ్లిపోవడం కాదు. పద్ధతి ప్రకారం నాలుగు పనులుంటాయి.

మొదటిది, సర్వీస్ నంబర్ పట్టుకుని గత 12 నెలల బిల్లులు తీయడం. ఏ నెలలో పెరిగింది, ఏ నెలలో తగ్గింది అన్నది అక్కడే తెలుస్తుంది. ఎండాకాలంలో పెరిగితే ఫ్యాన్లు, కూలర్లు. చలికాలంలో పెరిగితే వేన్నీళ్లు. ఏడాది పొడవునా ఒకేలా ఎక్కువగా ఉంటే ఫ్రిజ్, మోటారు, లేదంటే ఎక్కడో లీకేజీ.

రెండోది, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువును రాసుకోవడం. ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు. మూడోది, కొలవడం. క్లాంప్ మీటర్‌తో, ప్లగ్‌లో పెట్టే చిన్న ఎనర్జీ మీటర్‌తో నిజంగా ఎంత తీసుకుంటుందో చూడడం. ఫ్రిజ్ మీద రాసి ఉన్న లెక్క వేరు, పదేళ్ల తర్వాత తలుపు రబ్బరు వదులైన ఫ్రిజ్ తాగే లెక్క వేరు. నాలుగోది, రిపోర్టు. ఏం మార్చాలి, ఎంత ఖర్చు, ఎన్ని నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది.. ఇది రాసివ్వకపోతే అది ఆడిట్ అనిపించుకోదు.

ఇందులో కొంత భాగం ఎవరికి వాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200. ఇంట్లో అన్నీ ఆపేసి, 75 వాట్ల పాత ఫ్యాన్ ఒక్కటే వేస్తే ఆ లైటు నిమిషానికి 4 సార్లు వెలగాలి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఐదు నిమిషాలకు 8 సార్లు. అన్నీ ఆపేసినా, ప్లగ్‌లు పీకేసినా లైటు వెలుగుతూనే ఉంటే? వైరింగ్‌లో ఎక్కడో కరెంటు కారుతోందని, లేదా మన లైనుకు ఇంకేదో కలిసి ఉందని అనుమానించాల్సిందే. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అది బిల్లు సమస్యే కాదు, షాక్ కొట్టే ప్రమాదం కూడా.

విజయవాడ లెక్క మదనపల్లెకు పనికిరాదు

శిక్షణలో ముందుగా నేర్పాల్సింది ఇదే. పవర్ పొదుపు గురించి టీవీల్లో, యూట్యూబ్‌లో వచ్చే సలహాలు ఎక్కువగా ఏసీ చుట్టూ తిరుగుతాయి. 24 డిగ్రీల దగ్గర పెట్టండి, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా అంటారు. అది నిజమే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా రావాలని రూల్ కూడా పెట్టారు. విజయవాడకు, నెల్లూరుకు అది ముఖ్యమైన సలహా.

బి.కొత్తకోట సంగతి వేరు. హార్సిలీ హిల్స్ ఉన్నది ఈ మండలంలోనే. కొండ మీద ఎత్తు 1,265 మీటర్లు. కింద ఊళ్లు కూడా కోస్తాతో పోలిస్తే చల్లగానే ఉంటాయి. ఇక్కడ మామూలు ఇంటికి ఏసీ అవసరం తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాన్ కూడా అంతగా తిరగదు. దానికి బదులు వేన్నీళ్లు కావాలి. 2 కిలోవాట్ల గీజర్ రోజుకు అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. వేన్నీళ్ల రాడ్ పెట్టినా అన్నే నీళ్లు కాగడానికి దాదాపు అదే ఖర్చు. రాడ్ పెట్టి మర్చిపోతే ఇంకా ఎక్కువ, పైగా ప్రమాదం.

ఇంకో లెక్క బోరు మోటారుది. రాయలసీమలో బోర్లు ఎంత లోతుకు పోయాయో చెప్పనక్కర్లేదు. ఇంటి బోరుకు ఒక హార్స్‌పవర్ మోటారు ఉంటే, నష్టాలన్నీ కలిపి దాదాపు ఒక కిలోవాట్ తీసుకుంటుంది. గంటలో ట్యాంకు నిండితే నెలకు 30 యూనిట్లు. నీళ్లు తగ్గి అదే ట్యాంకుకు రెండు గంటలు పడితే 60 యూనిట్లు. ఇంట్లో ఎవరూ కొత్త వస్తువు కొనలేదు, వాడకం పెరగలేదు, అయినా బిల్లు పెరిగింది. చాలా ఇళ్లలో మీటర్ మీద వచ్చే అనుమానానికి జవాబు మోటారు దగ్గర దొరికే అవకాశం ఉంది. కోస్తా జిల్లాల లెక్కలతో తయారైన పాఠం చదివి వచ్చిన ఆడిటర్‌కు ఇది తట్టకపోవచ్చు.

ఇక సెట్‌టాప్ బాక్స్. టీవీ రిమోట్‌తో ఆపేస్తారు, బాక్స్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. 10 వాట్లు తీసుకునే బాక్స్ 24 గంటలూ ఆన్‌లో ఉంటే నెలకు 7 యూనిట్లు. స్విచ్ బోర్డు దగ్గర ఆపేయడానికి రూపాయి ఖర్చు లేదు.

ఒకే ఫ్యాన్.. రెండు ఇళ్లు.. రెండు జవాబులు

రాష్ట్రంలో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి టెలిస్కోపిక్ శ్లాబులు పెట్టారు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పున, 31 నుంచి 75 దాకా రూ.3, 76 నుంచి 125 దాకా రూ.4.50, 126 నుంచి 225 దాకా రూ.6, 226 నుంచి 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, డ్యూటీ, ఇంధన సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. కింది లెక్కల్లో వాటిని పక్కనపెట్టి, యూనిట్ల ఖర్చు మాత్రమే చూద్దాం.

75 వాట్ల పాత ఫ్యాన్ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే గంటకు 45 వాట్లు మిగులుతాయి. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 16 యూనిట్లు ఆదా.

ఉదాహరణకు నెలకు 230 యూనిట్లు కాలే ఇల్లు. యూనిట్ల ఖర్చు రూ.1,060 దాటుతుంది. మూడు ఫ్యాన్లు మారిస్తే 49 యూనిట్లు తగ్గి 181కి వస్తుంది. ఖర్చు రూ.753. అంటే నెలకు రూ.300 పైగా మిగులు. తగ్గిన యూనిట్లన్నీ రూ.6, రూ.8.75 శ్లాబుల్లోవి కాబట్టి ఇంత తేడా.

ఇప్పుడు నెలకు 70 యూనిట్లు కాలే ఇల్లు. ఖర్చు రూ.177. ఒక ఫ్యాన్ మారిస్తే 16 యూనిట్లు తగ్గుతాయి. మిగిలేది రూ.48. అదే ఫ్యాన్, అదే ఆదా. లాభం మాత్రం సగం.

దీనికి మదనపల్లె వాతావరణం కలపండి. ఫ్యాన్ ఏడాదిలో 8 నెలలే తిరుగుతుందనుకుంటే ఏడాదికి ఆదా అయ్యేది 130 యూనిట్లు. రూ.6 శ్లాబులో ఉన్న ఇంటికి రూ.780 దాకా. రూ.3 శ్లాబులో ఉన్న ఇంటికి రూ.390. బీఎల్‌డీసీ ఫ్యాన్ రూ.3,000 అనుకుంటే పెద్ద బిల్లు ఇంటికి ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు నాలుగేళ్లు. చిన్న బిల్లు ఇంటికి ఏడున్నర ఏళ్లు పైనే.

అంటే మంచి ఆడిటర్ చిన్న ఇంటివాళ్లకు ఏం చెప్పాలి? నడుస్తున్న ఫ్యాన్ పీకేయొద్దు, అది కాలిపోయిన రోజు మాత్రం బీఎల్‌డీసీనే కొనండి అని. ఎందుకంటే అప్పుడు ఎలాగూ మామూలు ఫ్యాన్‌కు పెట్టే డబ్బు పోను అదనంగా పడేది రూ.1,500 లాంటిదే. అది నాలుగేళ్లలో వచ్చేస్తుంది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి షాపులో చూసి కొనడం కూడా సులువే.

ఫ్యాన్లు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. కొనొద్దు అని చెప్పగలిగినప్పుడే ఆడిటర్‌కు విలువ. శిక్షణ అవసరమైంది కూడా అందుకే.

ఎవరు నేర్చుకోవచ్చు? ఏ కోర్సు ఏది?

ఇక్కడ చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుని పొరబడతారు. కోర్సులు రెండు రకాలు.

ఒకటి, బీఈఈ జాతీయ ధ్రువీకరణ పరీక్ష. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద వచ్చింది. ఇది ఫ్యాక్టరీలు, సిమెంటు, స్టీలు, పేపర్ మిల్లుల లాంటి పెద్ద వినియోగదారుల కోసం. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఆ రంగంలో 3 ఏళ్లు, డిప్లొమా ఉంటే 6 ఏళ్లు అనుభవం అడుగుతుంది. మూడు పేపర్లు పాసైతే ఎనర్జీ మేనేజర్, నాలుగో పేపర్ కూడా పాసైతే ఎనర్జీ ఆడిటర్. బాయిలర్లు, ఫర్నేస్‌లు, కంప్రెసర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ చదవాలి. ఇది పాసైనవాళ్లకు పరిశ్రమల్లో డిమాండ్ ఉంది. చట్టమే వాళ్లను పెట్టుకోమంటుంది కాబట్టి.

రెండోది, 2021లో వచ్చిన హోమ్ ఎనర్జీ ఆడిట్ కోర్సు. ఇది ఇళ్ల కోసం. చదువు అర్హత తక్కువ, సిలబస్ చిన్నది. ఇంటి వస్తువులు, బిల్లు లెక్క, కొలతలు, రిపోర్టు రాయడం. ఆంధ్రప్రదేశ్‌లో బీఈఈ పనులు చూసేది రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్. ఎవరైనా ఈ కోర్సు పేరుతో డబ్బు అడిగితే ముందు తెలుసుకోవాల్సింది.. సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది? బీఈఈ, రాష్ట్ర మిషన్ గుర్తింపు ఉందా? ప్రాక్టికల్ ఉందా, లేక ఆన్‌లైన్ వీడియోలేనా? ఉద్యోగం గ్యారంటీ అని చెప్తే మాత్రం ఒక అడుగు వెనక్కేయడం మంచిది. ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఫ్యాక్టరీకి చట్టం ఉంది.. ఇంటికి లేదు

ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణతో పెద్ద నివాస భవనాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. అది 100 కిలోవాట్లు, ఆపైన లోడ్ ఉన్న భవనాలకు. బెంగళూరు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సంగతి అది. బి.కొత్తకోటలో రెండు, మూడు కిలోవాట్ల లోడ్ ఉన్న ఇంటికి ఆడిట్ చేయించుకోవాలని ఏ చట్టమూ చెప్పదు.

మరి ఇంటి యజమాని సొంత డబ్బుతో చేయిస్తాడా? ఒకవేళ ఆడిటర్ ఇంటికి రూ.500 ఫీజు తీసుకుంటాడనుకుందాం. 230 యూనిట్ల ఇంటికి అది రెండు నెలల ఆదాతో సమానం. బేరం బాగానే ఉంది. 70 యూనిట్ల ఇంటికి? నెలకు రూ.48 ఆదా లెక్కన ఫీజు డబ్బే తిరిగి రావడానికి పది నెలలు. ఫ్యాన్ ఖర్చు దానికి అదనం. ఎవరు ఒప్పుకుంటారు?

ఆడిటర్ వైపు నుంచి చూద్దాం. రోజుకు రెండిళ్లు, నెలకు 25 రోజులు పని దొరికితే 50 ఇళ్లు. రూ.500 చొప్పున రూ.25 వేలు. ఏడాదికి 600 ఇళ్లు కావాలి. అవీ పెద్ద బిల్లు వచ్చే ఇళ్లే కావాలి. పైగా ఒకసారి ఆడిట్ చేయించుకున్న ఇంటికి మళ్లీ నాలుగైదేళ్ల దాకా అవసరం రాదు. ఒక నగర పంచాయతీ, చుట్టూ నాలుగు పల్లెలను నమ్ముకుని దీన్నే పూర్తి వృత్తిగా పెట్టుకుంటే నిలబడడం కష్టం.

ఎక్కడ నిలబడింది? ఎక్కడ కూలిపోయింది?

ప్రపంచంలో ఈ వృత్తి మూడు దారుల్లో నడిచింది.

బ్రిటన్‌లో చట్టం దారి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2007 నుంచి ఇల్లు అమ్మాలంటే ఎనర్జీ సర్టిఫికెట్ ఉండాలన్న నిబంధన వచ్చింది, తర్వాత అద్దె ఇళ్లకూ వర్తించింది. ఇళ్లు చేతులు మారుతున్నంత కాలం ఆ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు పని ఉంటుంది.

అమెరికాలో ప్రభుత్వం డబ్బిచ్చే దారి. 1976లో మొదలైన వెదరైజేషన్ పథకం కింద తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు ఆడిటర్ వచ్చి చూస్తాడు, అవసరమైన మరమ్మతులు చేయిస్తారు. ఇంటివాళ్లు పైసా ఇవ్వక్కర్లేదు. దాదాపు 50 ఏళ్లుగా ఆ పథకం ఉంది కాబట్టి ఆ వృత్తి ఉంది.

మూడోది ఆస్ట్రేలియా దారి. ఇది మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం. అక్కడి ప్రభుత్వం 2009లో గ్రీన్ లోన్స్ పేరుతో పథకం పెట్టింది. ఇళ్లకు ఉచితంగా ఆడిట్, ఆడిటర్‌కు ప్రభుత్వం ఫీజు. జనం సొంత డబ్బు పెట్టి శిక్షణ కోసం ఎగబడ్డారు. 2010 మొదట్లో ప్రభుత్వం 5 వేల మంది ఆడిటర్లకే పరిమితి పెట్టేసరికి, శిక్షణ తీసుకున్నవాళ్లు దాదాపు దానికి రెట్టింపు ఉన్నారు. ఆ తర్వాత రుణాలు ఆగిపోయాయి, పథకమే మూతపడింది. కోర్సు ఫీజు కట్టినవాళ్ల చేతిలో సర్టిఫికెట్లు మిగిలాయి, పని మిగల్లేదు.

శిక్షణ ముందు, పని తర్వాత అనుకుంటే జరిగేది ఇదే.

పేద ఇంట్లో మిగిలే యూనిట్.. లాభం ఎవరికి?

ఫీజు ఎవరివ్వాలి అన్న ప్రశ్నకు జవాబు శ్లాబుల్లోనే ఉంది. కింది శ్లాబుల్లో యూనిట్ రూ.1.90, రూ.3 అంటే అది కరెంటు ఉత్పత్తి చేసి ఇంటిదాకా తెచ్చే ఖర్చు కన్నా తక్కువ. మిగతాది ప్రభుత్వ సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఆ ఇళ్లకు ఆడిట్ వల్ల వచ్చే లాభం దాదాపు సున్నా. బిల్లే లేనప్పుడు ఫ్యాన్ మార్చమంటే ఎందుకు మారుస్తారు?

కానీ ఆ ఇంట్లో మిగిలిన ప్రతి యూనిట్‌కు ప్రభుత్వం సబ్సిడీ డబ్బు మిగుల్తుంది. డిస్కంకు సాయంత్రం పీక్ లోడ్ తగ్గుతుంది. అంటే చిన్న బిల్లు ఇంట్లో ఆదా జరిగితే ఇంటివాళ్లకు వచ్చేదానికన్నా ప్రభుత్వానికి వచ్చేది ఎక్కువ. లాభం ఎవరికి ఎక్కువో ఖర్చు వాళ్లే పెట్టుకోవడం న్యాయం. ఎల్‌ఈడీ బల్బుల విషయంలో జరిగింది కూడా దాదాపు ఇదే. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో దేశమంతా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 2021లో గ్రామ ఉజాలా కింద విజయవాడతో సహా ఐదు చోట్ల పల్లె ఇళ్లకు రూ.10కే బల్బు ఇచ్చారు. ఎవరి ఇంట్లోనూ ఆడిట్ చేయకుండానే 60 వాట్ల బల్బులు పోయి 9 వాట్ల బల్బులు వచ్చాయి. బల్బు అందరికీ ఒకటే కాబట్టి అది కుదిరింది. ఫ్యాన్, ఫ్రిజ్, గీజర్, మోటారు ఇంటింటికీ మారతాయి. వాటికి మనిషి వచ్చి చూడాల్సిందే.

ఆ మనిషి ఇప్పటికే ఊళ్లో ఉన్నాడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్ అనే పోస్టు వచ్చింది. జూనియర్ లైన్‌మెన్ గ్రేడ్-2 ఉద్యోగులు వీళ్లు. స్తంభం ఎక్కడం వచ్చు, ఊళ్లో ప్రతి వీధి తెలుసు. వీళ్లకు హోమ్ ఎనర్జీ ఆడిట్ శిక్షణ ఇస్తే ఉచిత కరెంటు ఇళ్లలో, చిన్న బిల్లు ఇళ్లలో ఆడిట్ చేయడానికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. అయితే గాలివాన వస్తే తెగిన వైర్ల వెంట తిరిగేది కూడా వీళ్లే. ఉన్న పని భారం మీద ఇంకోటి పెడితే రిపోర్టులు కాగితాల మీదే తయారవుతాయి. ఆడిట్‌కు విడిగా సమయం, ఇంటికింత అని ప్రోత్సాహకం లేకుండా ఇది నడవదు.

కుప్పంలో సోలార్.. ముందు ఆడిట్ చేస్తే?

ప్రైవేటుగా చేసుకోవాలనుకునే కుర్రాళ్లకు అసలు అవకాశం సోలార్ దగ్గర ఉంది. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో కోటి ఇళ్ల పైకప్పుల మీద ప్యానెళ్లు పెట్టడం లక్ష్యం, రూ.75,021 కోట్ల ఖర్చు. ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంతైనా రూ.78 వేలు కేంద్ర సబ్సిడీ. ముఖ్యమంత్రి చంద్రబాబు సొంత నియోజకవర్గం కుప్పంలో, నడిమూరు గ్రామంలో 2025 జనవరిలో ఈ పథకాన్ని పైలట్‌గా మొదలుపెట్టారు.

సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గర ఆగుతుంది కాబట్టి అమ్మేవాళ్ల చూపు కూడా అక్కడే ఆగుతుంది. మీకు 3 కిలోవాట్లు పెట్టేస్తాం అంటారు. ఎంత కావాలో ఎవరు లెక్కేశారు?

ఒక కిలోవాట్ ప్యానెల్ మనవైపు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. 300 యూనిట్లు కాలే ఇంటికి రెండున్నర కిలోవాట్లు కావాలి, అంటే 3 పెట్టించుకుంటారు. ప్యానెల్ పెట్టకముందే ఆడిట్ చేసి మూడు ఫ్యాన్లు మార్చి, గీజర్ అరగంట నుంచి పావుగంటకు తగ్గించి, పాత చోక్ ట్యూబ్‌లైట్లు రెండు తీసేస్తే 70 యూనిట్లు పైనే తగ్గుతాయి. అప్పుడు 230 లోపే. రెండు కిలోవాట్లు చాలు. మూడో కిలోవాట్‌కు కేంద్రం ఇచ్చేది రూ.18 వేలే, మిగతాది సొంత జేబులోంచి పెట్టాలి. ఆ ఖర్చు తప్పుతుంది. ఆ మిగిలిన డబ్బుతో మూడు ఫ్యాన్లు కొనుక్కోవచ్చు.

అంటే సోలార్ పెట్టించుకునే ఇంటికి రూ.500 ఆడిట్ ఫీజు పెద్ద లెక్కేం కాదు. పైగా పైకప్పు మీద నీడ పడుతుందా, ఎర్తింగ్ సరిగ్గా ఉందా, వైరింగ్ తట్టుకుంటుందా అన్నవి కూడా అదే మనిషి చూస్తాడు. సోలార్ దరఖాస్తుకు ముందు ఆడిట్ రిపోర్టు అడిగితే, దాని ఫీజును సబ్సిడీలో కలిపితే, ఒక్క మాటతో ఈ వృత్తికి పని పుడుతుంది. దీనికి కొత్త చట్టం కూడా అవసరం లేదు.

ఇళ్లకన్నా ముందు ఫీజు ఇవ్వగలిగేవాళ్లు ఇంకొందరున్నారు. హార్సిలీ హిల్స్ మీద లాడ్జీలు, గెస్ట్‌హౌస్‌లు. మదనపల్లెలో హోటళ్లు, బేకరీలు, ప్రైవేటు స్కూళ్లు, చిన్న ఆస్పత్రులు. వీళ్లకు కమర్షియల్ రేటు ఇంటి రేటుకన్నా ఎక్కువ, గీజర్లు, ఫ్రీజర్లు రోజంతా నడుస్తాయి. ఒక లాడ్జిలో పది గీజర్లకు టైమర్లు పెట్టిస్తే వచ్చే ఆదా ముందు ఆడిట్ ఫీజు చాలా చిన్నది.

ఒక షరతు మాత్రం ఉంది

ఆడిట్ చేసేవాడే ఫ్యాన్లు, ప్యానెళ్లు అమ్మితే ఏమవుతుంది? రిపోర్టులో కొనండి అనే మాటే ఎక్కువగా ఉంటుంది. డాక్టరే మందుల షాపు పెట్టుకున్నట్టు. కమీషన్ కోసం రాసిన రిపోర్టు రెండు ఇళ్లలో బయటపడితే చాలు, చిన్న ఊళ్లో ఆ మాట పాకడానికి వారం పట్టదు. ఆ తర్వాత నిజాయితీగా చేసేవాడికి కూడా తలుపు తీయరు. అందుకే ఆడిట్ చేసినవాళ్లు ఆ ఇంటికి సామాను అమ్మకూడదన్న నియమం కోర్సులోనే ఉండాలి. కనీసం రిపోర్టులో రూపాయి ఖర్చు లేని సలహాలు ముందు, డబ్బు పెట్టాల్సినవి తర్వాత రాయాలి.

మరి ఈ ప్రాంతపు కుర్రాళ్లు కోర్సు చేయాలా, వద్దా? ఇప్పటికే ఎలక్ట్రీషియన్‌గానో, ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌గానో, సోలార్ ఫిట్టర్‌గానో చేస్తున్నవాళ్లకు ఇది చేతిలో ఇంకో పనిముట్టు. లెక్కతో మాట్లాడే ఎలక్ట్రీషియన్‌కు గిరాకీ పెరుగుతుంది. మదనపల్లె దగ్గర అంగళ్లులోని మిట్స్ లాంటి కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇది ప్రాక్టికల్ అనుభవం, తర్వాత జాతీయ పరీక్ష వైపు మొదటి మెట్టు. చేతిలో ఏ పనీ లేకుండా, అప్పుచేసి ఫీజు కట్టి, సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం వస్తుందని చేరేవాళ్లు మాత్రం ఆస్ట్రేలియా సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

కోర్సు పెట్టడం ప్రభుత్వానికి సులువు. ఆ కోర్సు చేసినవాడికి మొదటి వంద ఇళ్లు చూపించడమే కష్టం. సోలార్ సబ్సిడీకి, ఉచిత కరెంటుకు ఇప్పటికే పెడుతున్న డబ్బులో చిన్న భాగం ఆడిట్‌కు కేటాయిస్తే ఆ వంద ఇళ్లు బి.కొత్తకోటలోనే దొరుకుతాయి. లేదంటే ఇంధన పొదుపు దినోత్సవం డిసెంబరు 14న ప్రతి ఏడాదీ వస్తుంది, ర్యాలీ జరుగుతుంది, సర్టిఫికెట్లు పంచుతారు. మర్నాడు వచ్చే బిల్లు మాత్రం మారదు.